హైడ్రాలిక్ నాగలి తగిలిస్తున్నారా? ఆయిల్ తిరిగొచ్చే దారి ముందు చూడండి

హైడ్రాలిక్ రివర్సిబుల్ నాగలి, అంటే ఆయిల్ బలంతో అటూ ఇటూ తిరగబడే నాగలి, ఇంటికి తెచ్చిన మొదటి రోజు చాలామంది చేసేది ఒకటే. మూడు పిన్నులు తగిలించడం, నాగలి మీద వేలాడే రెండు నల్ల పైపులు తీసుకుని ట్రాక్టర్ వెనకున్న కప్లర్లలో (పైపులు గుచ్చే మూతుల్లో) ఏది ఖాళీగా కనబడితే దాంట్లో గుచ్చడం, సీటెక్కి లివర్ లాగడం. నాగలి తిరిగితే సరే. తిరగకపోతే పైపులు అటుదిటు ఇటుదటు మార్చడం, అప్పటికీ తిరగకపోతే ఎక్సలేటర్ పెంచడం, ఆ తర్వాత మెకానిక్‌కి ఫోన్. నేనూ మొదటిసారి అలాగే చేశాను. ఇంటి ముందు వేపచెట్టు కింద రెండు గంటలు అవస్థ పడ్డాక, పక్క చేలో మిరప మోళ్లు పీకుతున్న పెద్దాయన వచ్చి, ఒక కప్లర్ పట్టుకుని గట్టిగా లోపలికి నొక్కితే 'టక్' మంది. అంతే, నాగలి తిరిగింది. పైకి చూస్తే ఆ కప్లర్ కూర్చున్నట్టే ఉంది. కానీ లోపలి బాల్ పూర్తిగా తెరుచుకోలేదు. ఆయిల్ నాగలి దాకా వెళ్తోంది, తిరిగి రావడానికి దారి లేదు.

ఆ రోజు నుంచి ఎవరు అడిగినా నేను చెప్పేది ఈ ఒక్క ముక్కే. ఆయిల్ ఎటు నుంచి వెళ్తోందో అందరూ చూస్తారు. ఎటు నుంచి తిరిగొస్తోందో, ఎంత తేలిగ్గా వస్తోందో, ఏం వెంటపెట్టుకుని వస్తోందో చూసేవాళ్లు తక్కువ. నాగలి తిరగకపోవడం, ట్రక్కు (ట్రాలీ) దిగకపోవడం, ఆయిల్ కాగిపోవడం, సీల్ ఊడిపోవడం, పంపు అరవడం వేరే వేరే రోగాల్లా కనిపిస్తాయి గానీ, చాలాసార్లు తీగ లాగితే డొంక ఈ తిరుగు దారి దగ్గరే కదులుతుంది.

ముందు పంపు సంగతి. మన ఊళ్లలో తిరిగే 40, 50 హెచ్‌పీ ట్రాక్టర్లలో ఎక్కువ వాటికి ఉండేది గేర్ పంపు. ఇంజన్ తిరిగినంతసేపూ అది ఆయిల్ తోస్తూనే ఉంటుంది, మనం లివర్ ముట్టుకున్నా ముట్టుకోకపోయినా. లివర్ మధ్యలో ఉంటే ఆ ఆయిల్ వాల్వ్ గుండా నేరుగా వెనక హౌసింగ్‌లోకి, అంటే గేర్ బాక్స్ పెట్టెలోకి, వచ్చి పడుతుంది. పంపు చేసేది తోయడం మాత్రమే, ప్రెషర్ పుట్టేది ముందు అడ్డు తగిలినప్పుడు. బోరు మోటారు వేసి గేట్ వాల్వ్ కొద్దికొద్దిగా మూస్తుంటే గేజ్ ముల్లు ఎలా లేస్తుందో, ఇక్కడా అంతే. అందుకే ఎక్సలేటర్ పెంచితే నాగలి త్వరగా తిరుగుతుంది గానీ దాని బలం పెరగదు. బలం ఎంతవరకు అనేది రిలీఫ్ వాల్వ్ తేలుస్తుంది. అది 180 బార్ దగ్గర తెరుచుకునేలా పెట్టి ఉందనుకుందాం. 63 మి.మీ. లోపలి వ్యాసం ఉన్న జాకీలో (ఆయిల్‌తో సాగే సిలిండర్‌లో) పిస్టన్ మొహం వైశాల్యం 31 చదరపు సెంటీమీటర్లు, కాబట్టి అది నెట్టగలిగే బలం ఐదున్నర టన్నుల పైమాటే. మోచేయంత పొడుగు లేని జాకీ రెండు సాళ్ల నాగలిని బొమ్మలా తిప్పేయడం ఇందువల్లే.

ఆ 180 బార్ దాటాక ఆయిల్ రిలీఫ్ వాల్వ్ గుండా తప్పించుకుని వెనక్కి పోతుంది, కీచుమని ఒక శబ్దం వస్తుంది, అందరూ వినే ఉంటారు. నిమిషానికి 30 లీటర్లు తోసే పంపు 180 బార్ మీద రిలీఫ్ వాల్వ్ గుండా పారుతుంటే పుట్టే వేడి 9 కిలోవాట్లు. ఇంట్లో వాడే 2 కిలోవాట్ల గీజర్లు నాలుగు ఒకేసారి మీ గేర్ బాక్స్ ఆయిల్లో ముంచి వేసినట్టు. నాగలి తిరగడం అయిపోయినా లివర్ వదలకుండా పట్టుకునే కుర్రాళ్లు డ్రైవర్లుగా ఉంటే, మధ్యాహ్నానికి ఆయిల్ నీళ్లలా పలచబడి లిఫ్ట్ నెమ్మదించిందని చెబుతారు. ఆ లిఫ్ట్‌లో లోపం ఏమీ ఉండదు. ఆ శబ్దం వినపడగానే లివర్ వదిలెయ్యమని మొదటి రోజే చెప్పాలి.

ట్రాక్టర్ వెనక ఆయిల్ వాడుకునేవి రెండు. ఒకటి మూడు పిన్నుల లిఫ్ట్, రెండోది బయటి కప్లర్లు. కొన్ని మోడళ్లలో బయటికి ఒకే ఒక్క పోర్టు ఉంటుంది, అది లిఫ్ట్‌కి పోయే ఆయిల్‌నే మళ్లించి ఇస్తుంది, లిఫ్ట్ లివరే దాన్నీ నడుపుతుంది. ట్రక్కు ఎత్తడానికి అది చాలు. ట్రక్కు కింద జాకీ సింగిల్ యాక్టింగ్, అంటే ఆయిల్ కొడితే లేస్తుంది, వదిలితే ట్రక్కు బరువుకే దిగుతుంది, వెళ్లిన పైపులోంచే ఆయిల్ వెనక్కి వస్తుంది. రివర్సిబుల్ నాగలికి అది పనికిరాదు. దాన్ని రెండు వైపులా నెట్టాలి కాబట్టి డబుల్ యాక్టింగ్ జాకీ ఉంటుంది, ఒక పైపులో ఆయిల్ వెళ్తున్నప్పుడు రెండో పైపులో ఆయిల్ బయటికి రావాలి. దానికి డీసీవీ, అంటే ఆయిల్ ఏ పైపులోకి పోవాలో మార్చే లివర్ వాల్వ్, కావాలి. మీ ట్రాక్టర్‌కి డీసీవీ లేకపోతే నాగలి కొనే ముందే ఆ ఖర్చు లెక్క వేసుకోండి, నాగలి ఇంటికొచ్చాక కాదు. డీసీవీ ఉన్నా దాని మీద సింగిల్, డబుల్ అని మార్చుకునే చిన్న స్క్రూ గానీ నాబ్ గానీ ఉండే మోడళ్లున్నాయి. నిన్న ట్రక్కు కోసం సింగిల్‌లో పెట్టి ఈరోజు నాగలి తగిలిస్తే ఒక వైపే కదిలి ఆగిపోతుంది. దాన్ని చూసి నాగలి తెచ్చిన షాపుతో గొడవ పడినవాళ్లను నేను చూశాను.

ఇప్పుడు అసలు విషయం. తిరుగు పైపు మూసుకుపోతే ఏమవుతుంది, నాగలి తిరగదు, అంతేగా అనుకుంటాం. అంతే కాదు. జాకీ లోపల పిస్టన్‌కి ఒక పక్క మొహం నిండుగా ఉంటుంది, రెండో పక్క రాడ్ ఉంటుంది కాబట్టి ఆ మేరకు వైశాల్యం తగ్గుతుంది. ఇందాకటి 63 మి.మీ. జాకీలో 35 మి.మీ. రాడ్ ఉంటే నిండు పక్క 31, రాడ్ పక్క ఇరవై ఒకటిన్నర చదరపు సెంటీమీటర్లు. నిండు పక్క 180 బార్ కొడుతున్నాం, రాడ్ పక్క ఆయిల్ బయటికి పోలేక బందీ అయింది. ఐదున్నర టన్నుల బలం మొత్తం ఆ చిన్న వైశాల్యం మీద పడి, అక్కడ ప్రెషర్ 260 బార్‌కి చేరుతుంది. రిలీఫ్ వాల్వ్‌కి ఈ సంగతి తెలియదు, ఎందుకంటే అది పంపు పక్కన కూర్చుని ఉంది, దానికి కనబడేది 180 మాత్రమే. అంటే కప్లర్ సరిగ్గా కూర్చోని పైపులో, ట్రాక్టర్ ఇవ్వగలిగిన దానికంటే ఎక్కువ ప్రెషర్ మన చేతులతో మనమే పుట్టిస్తున్నాం. ఆ రోజు వేపచెట్టు కింద నేను లివర్ పట్టుకుని కూర్చున్నదానికి ఫలితంగా, ఆ సీజన్ అవకముందే రాడ్ సీల్ దగ్గర ఆయిల్ చెమర్చడం మొదలైంది. సీల్ నాసిరకం అనుకున్నాను, ఈ లెక్క అర్థమైంది తర్వాత.

కాబట్టి కప్లర్ పెట్టాక వెనక్కి ఒకసారి లాగి చూడాలి. ఊడి రాకపోతే కూర్చున్నట్టు. మరీ ముఖ్యంగా, పెట్టే ముందు రెండు మొహాలూ శుభ్రమైన మెత్తని గుడ్డతో తుడవాలి, నూలు పోగులు రాలే వేస్ట్ గుడ్డతో కాదు.

ఎండాకాలంలో ఇంకో ఇబ్బంది ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో నాగలి ఎండలో పడి ఉంటే పైపుల్లో ఇరుక్కున్న ఆయిల్ వేడికి వ్యాకోచించి, కొన మీదున్న బాల్‌ని లోపలి నుంచి నెట్టి పడుతుంది. మనం ఎంత బలంగా నొక్కినా కప్లర్ ఎక్కదు. అప్పుడు చాలామంది చేసే తప్పు పని, మేకు పెట్టి సుత్తితో బాల్ మీద కొట్టడం. అలా కొట్టిన కప్లర్ ఇక జీవితాంతం కారుతూనే ఉంటుంది, బాల్ కూర్చునే గాడి గీసుకుపోతుంది. నాగలి నేల మీద నిలకడగా ఉందో లేదో చూసుకుని, పైపుల మీద తడి గోనెసంచి కప్పి కాసేపు ఆగితే చాలావరకు పని జరుగుతుంది. అసలు విప్పేటప్పుడే జాగ్రత్త పడితే ఈ బాధే ఉండదు. నాగలి నేలకు దించి, ఇంజన్ ఆపి, డీసీవీ లివర్‌ని అటూ ఇటూ నాలుగైదు సార్లు ఆడించి, పైపుల్లో ప్రెషర్ పోయాకే కప్లర్ ఊడదీయాలి.

మర (ఫిట్టింగ్ మీది చుట్లు, థ్రెడ్) గురించి చెప్పకపోతే ఈ వ్యాసం రాసి లాభం లేదు. హైడ్రాలిక్ ఫిట్టింగుల్లో "హాఫ్ ఇంచ్" అని అడిగి తెచ్చుకుంటాం. హాఫ్ ఇంచ్ అనే పేరుకీ కొలతకీ సంబంధం లేదు, బీఎస్‌పీ మర అయితే బయటి వ్యాసం దాదాపు 21 మి.మీ. ఉంటుంది. ఎన్‌పీటీ అనే ఇంకో రకం మర కూడా హాఫ్ ఇంచ్‌లో ఇంచుమించు అంతే లావు, రెండింటికీ అంగుళానికి 14 చుట్లే. తేడా ఎక్కడంటే బీఎస్‌పీ మర కోణం 55 డిగ్రీలు, ఎన్‌పీటీది 60, పైగా ఎన్‌పీటీ మర చివరికి సన్నబడుతూ పోతుంది. ఒకదాంట్లో ఇంకోటి మూడు నాలుగు చుట్లు చక్కగా ఎక్కి, బిగిసినట్టు అనిపించి, ప్రెషర్ పడగానే కారుతుంది. కారుతోందని టెఫ్లాన్ టేపు చుడతాం, ఇంకా బిగిస్తాం, డీసీవీ బాడీ పోతపోసిన ఇనుము కాబట్టి చీలుతుంది. చీలితే వాల్వ్ మొత్తం మార్చాల్సిందే. పాత ఫిట్టింగ్ జేబులో వేసుకుని షాపుకి వెళ్లి, వేలితో నట్టు చివరి దాకా సాఫీగా తిరుగుతోందా అని చూసి తెచ్చుకోండి. రెండో చుట్టుకే పట్టేస్తే అది మీది కాదు. బీఎస్‌పీలో సమాన లావు మరకి లీక్ ఆపేది వాషరే, లోపల రబ్బరు అంచు ఉన్న ఇనప వాషర్. దానికి టేపు అక్కర్లేదు. టేపు ముక్క చిరిగి లోపలికి పోతే స్పూల్‌లో (వాల్వ్ లోపల జరిగే కడ్డీలో) ఇరుక్కుంటుంది, అప్పుడు లివర్ మధ్యకి రాదు.

పైపు మీద రాసి ఉన్నది చదవడం కూడా అలవాటు చేసుకోవాలి. ఒక వరస వైరు అల్లిన హాఫ్ ఇంచ్ పైపుని ఆర్1 అంటారు, అది పనిచేసే ప్రెషర్ 160 బార్. రెండు వరసల ఆర్2 అయితే 275 బార్. 180 బార్ ట్రాక్టర్‌కి ఆర్1 పైపు వేస్తే వెంటనే పగలదు, పగలడానికి నాలుగు రెట్ల లెక్క పెట్టి తయారు చేస్తారు, కానీ రోజూ వందసార్లు ఆ దెబ్బ తింటూ ఒకరోజు ఫిట్టింగ్ మెడ దగ్గర ఊడుతుంది. ధరలో తేడా పెద్దగా ఉండదు, ఆర్2 అడగండి. ఎంత పొడుగు కావాలో కొలిచేది నాగలి దించి ఉన్నప్పుడు కాదు, పూర్తిగా ఎత్తి ఒకసారి అటు, ఒకసారి ఇటు తిప్పి. పైపు టాప్ లింక్ మధ్యన నలగకూడదు, టైరుకి రాసుకోకూడదు.

చెయ్యి పెట్టి లీక్ వెతకొద్దు. దీన్ని ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. సూది మొనంత చిల్లులోంచి ఆ ప్రెషర్ మీద వచ్చే ఆయిల్ కంటికి సరిగ్గా కనబడదు, చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. చిన్న ముల్లు గుచ్చుకున్నట్టు ఉంటుంది, మొదట పెద్దగా నొప్పి కూడా ఉండదు, పసుపు రాసుకుని పని చేసుకుంటారు. లోపల కండ కుళ్లడం మొదలవుతుంది. గంటల్లో ఆపరేషన్ చేసి ఆ ఆయిల్ తీయకపోతే వేలు, ఒక్కోసారి చెయ్యి తీసేయాల్సి వస్తుంది. అట్టముక్క పట్టుకుని పైపు వెంబడి జరపండి, తడి మరక ఎక్కడ పడితే లీక్ అక్కడ. పొరపాటున గుచ్చుకుంటే నొప్పి లేదని ఊరుకోకుండా ఆపరేషన్ సదుపాయం ఉన్న పెద్దాసుపత్రికి వెళ్లి, ప్రెషర్‌లో ఉన్న హైడ్రాలిక్ ఆయిల్ లోపలికి పోయిందని స్పష్టంగా చెప్పాలి. ఎత్తి ఉన్న నాగలి కింద, లేచిన ట్రక్కు కింద దూరడం కూడా ఇలాంటిదే. ఆయిల్ మీద నిలబడ్డ బరువు అది, ఒక ఓ-రింగ్ తెగితే మీద పడుతుంది. మొద్దు గానీ స్టాండు గానీ పెట్టకుండా తల పెట్టొద్దు.

తిరుగు దారిలో ఆయిల్ ఏం మోసుకొస్తుంది అన్నది మూడో సంగతి. మన ట్రాక్టర్లలో ఎక్కువ వాటికి గేర్లకీ, హైడ్రాలిక్స్‌కీ ఒకటే ఆయిల్, చాలా మోడళ్లలో ఆయిల్లో మునిగే బ్రేకులకీ అదే. ఊళ్లో ట్రక్కు ఒకరిది, ట్రాక్టర్ ఇంకొకరిది. పక్కింటివాళ్ల ట్రక్కు తగిలించి ఒకసారి ఎత్తి దించితే, ఆ జాకీలో ఏళ్లుగా ఉన్న మడ్డి ఆయిల్ వచ్చి మీ గేర్ బాక్స్‌లో కలుస్తుంది. వాళ్లు దాంట్లో పాత ఇంజనాయిల్ పోసి ఉంటే అదీ వస్తుంది. ఆ తర్వాత బ్రేకులు గీ పెట్టినా, ఫిల్టర్ పూడినా కారణం మనకి తట్టదు. ఇవ్వొద్దని చెప్పను, ఊళ్లో ఒకరికొకరం ఇచ్చుకోకపోతే పని జరగదు. ఇచ్చిపుచ్చుకునే ట్రక్కుల్లో అందరూ ఒకే రకం ఆయిల్ వాడేలా మాట అనుకోండి, ఫిల్టర్ కొంచెం ముందే మార్చండి.

ఇంకో లెక్క. 10 సెంటీమీటర్ల లోపలి వ్యాసం, మీటరు పొడుగు సాగే జాకీ పూర్తిగా లేస్తే దాదాపు 8 లీటర్ల ఆయిల్ తాగుతుంది. అంత ఆయిల్ హౌసింగ్‌లోంచి బయటికి వెళ్లిపోయింది. డిప్ స్టిక్ మీద కింది గీత దగ్గర ఉన్న ట్రాక్టర్ అయితే పంపు గాలి పీలుస్తుంది, జుయ్యిమని అరుస్తుంది, ఆయిల్ నురగ కడుతుంది. అలాగని ట్రక్కు లేపి ఉంచి పై గీత దాకా పోస్తే, దించినప్పుడు అది మొత్తం వెనక్కొచ్చి బ్రీదర్ (హౌసింగ్‌కి గాలి ఆడే రంధ్రం) గుండా పొంగుతుంది. జాకీ మూసుకుని ఉన్నప్పుడు పై గీత, తెరుచుకున్నప్పుడు కింది గీతకి తగ్గకుండా. అంతే సూత్రం. మా బావది తెనాలి దగ్గర, దమ్ము చేసే ట్రాక్టర్. అక్కడ నురగ కాదు, ఆయిల్ పాల టీ రంగుకి మారుతుంది. అది నీళ్లు కలిసిన గుర్తు. బురదలో ఇరుసు సీళ్ల గుండానో, బ్రీదర్ గుండానో నీళ్లు లోపలికి పోతాయి. ఆ ఆయిల్‌తో ఒక్క వారం నడిపినా పంపు అరిగిపోతుంది, ఎంత ఖరీదైనా దించేసి కొత్తది పోయడమే.

తిరుగు దారి మరీ ముఖ్యమైంది పొలం చదును చేసే లేజర్ లెవెలర్‌కి. నాగలి గట్టు దగ్గర ఒకసారి తిరిగి ఊరుకుంటుంది, లెవెలర్‌కి మాత్రం ఆయిల్ ఆగకుండా వెళ్లి రావాలి, దాని వాల్వ్ పెట్టె ప్రతి క్షణం కొద్దిగా ఎత్తమని, కొద్దిగా దించమని చెబుతూ ఉంటుంది. తిరుగు పైపుని డీసీవీ రెండో పోర్టులో పెట్టినా నడుస్తుంది, కానీ ఆయిల్ స్పూల్ సందుల్లోంచి దూరి రావాలి కాబట్టి వేడెక్కుతుంది. ట్యాంకుకే నేరుగా పోయే పోర్టు మీ ట్రాక్టర్‌కి ఉంటే దాన్ని వాడండి, లేకపోతే కంపెనీ ఇచ్చే ప్లగ్ చోట పెట్టించుకోవచ్చేమో అడగండి.

పైపుల పని అయ్యాక లిఫ్ట్ సెట్టింగ్. పొజిషన్ లివర్, డ్రాఫ్ట్ లివర్ అని రెండు పెట్టింది ఎందుకో చాలామందికి ఎవరూ చెప్పలేదు. ఐర్లాండ్‌కి చెందిన హ్యారీ ఫెర్గూసన్ ఈ మూడు పిన్నుల పద్ధతిని 1920లలో మొదలుపెట్టి, 1936లో ట్రాక్టర్ మీద అమ్మకానికి తెచ్చాడు, 1939లో ఫోర్డ్ ట్రాక్టర్ మీద అది ప్రపంచమంతా పాకింది. 1960లో మద్రాసులో మొదలైన టాఫే ద్వారా మన పొలాల్లోకి వచ్చిన మాసీ ఫెర్గూసన్ పేరులో ఉన్నది ఈయన పేరే. ఆయన చేసిన తెలివైన పని ఏమిటంటే, నాగలి గట్టినేలలో దిగితే టాప్ లింక్ ట్రాక్టర్ వైపు నెడుతుంది, ఆ నెట్టుడుకి ఒక స్ప్రింగ్ నొక్కుకుంటుంది, ఆ కదలిక వాల్వ్‌కి చేరి లిఫ్ట్ తనంతట తానే కొంచెం లేస్తుంది, నాగలి బరువు వెనక టైర్ల మీద పడి పట్టు పెరుగుతుంది. అదే డ్రాఫ్ట్ కంట్రోల్. నాగలికి, గొర్రుకి అది వాడాలి. చాలా మోడళ్లలో పొజిషన్ లివర్ పూర్తిగా కిందికి పెట్టి, లోతుని డ్రాఫ్ట్ లివర్‌తో సరిచూసుకుంటారు. రోటావేటర్‌కి మాత్రం పొజిషన్ లివరే, అది ట్రాక్టర్‌ని వెనక్కి లాగదు, ముందుకు నెడుతుంది, కాబట్టి డ్రాఫ్ట్‌కి తెలుసుకోవడానికి ఏమీ ఉండదు. నల్లరేగడిలో వేసవి దుక్కి చేసేటప్పుడు డ్రాఫ్ట్ మరీ సున్నితంగా ఉంటే నాగలి గంతులు వేస్తుంది, అప్పుడు టాప్ లింక్‌ని ట్రాక్టర్ పక్కనున్న ఇంకో రంధ్రంలోకి మార్చి చూడండి. పిన్ను లావు సరిపోకుండా బుష్ లేకుండా పెట్టినా ఇలాగే గంతులు వస్తాయి. పిన్నుల సైజుల్లో కేటగిరీ 1 కింది పిన్ను 22 మి.మీ., కేటగిరీ 2ది 28 మి.మీ., ఆ ఆరు మిల్లీమీటర్ల లూజు స్ప్రింగ్‌ని తికమక పెడుతుంది.

మొదటిసారి పొలానికి వెళ్లే ముందు, ఇంటి దగ్గరే ఇంజన్ నెమ్మదిగా పెట్టి నాగలిని పూర్తిగా ఎత్తి, పది పన్నెండు సార్లు అటూ ఇటూ తిప్పండి, జాకీలో గాలి పోతుంది. ఎత్తకుండా తిప్పితే కొన నేలకి గుచ్చుకుని రాడ్ వంగుతుంది. తిరగడం మధ్యలో ఆగి వెనక్కి పోతుంటే పైపులు తారుమారై ఉండొచ్చు, కొన్ని నాగళ్ల జాకీ మీద ఉండే ఆటో వాల్వ్‌కి ప్రెషర్ ఒక వైపు నుంచే రావాలి. సరైన జత దొరికాక ఒక పైపుకీ దాని పోర్టుకీ ఎర్ర టేపు చుట్టండి, రెండోదానికి నీలం. ఆ తర్వాత ఆయిల్ మట్టం చూసి, తగ్గినంత పోసి, పొలంలో మొదటి గంట అయ్యాక మళ్లీ దిగి కప్లర్ల కింద తడి ఉందేమో చూడండి.

సాయంత్రం విప్పాక పైపులని నేల మీద పడేయకుండా నాగలి ఫ్రేమ్‌కి వేలాడదీసి, కప్లర్లకి మూతలు పెట్టాలి. మూతలు ఎప్పుడో పోయి ఉంటాయి, అవి దొరికేదాకా మందంగా ఉన్న ప్లాస్టిక్ కవరు తొడిగి సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కట్టండి, ట్రాక్టర్ పక్క రంధ్రాలకి కూడా.